అరచెయ్యి అడ్డం పెట్టి

అల్ ఐన్‌ల పొద్దు మొలవకముందే
నీళ్ల ట్యాంకర్ ఎనుక నుంచి దిగుత.
గుర్రం బొమ్మల రౌండ్‌అబౌట్ నాది.
నాది అంటే,
నవంబర్ల నాటి మే నెలల పీకేసే
పదకొండు వేల పెటూనియాలు నాయి.
లెక్క బినోయ్ సార్‌ది.

మొదలు ఫొటోలు హాజరు కోసమే.
"పని అయినట్టు పంపు" అంటడు సారు.
పంపేటోణ్ణి: మడి, పైపు, నా నీడ.
అన్నిట్ల నా నీడ పడేది.
సూర్యునికి వీపు పెట్టి నిలవడితె
ఇంకేం పడ్తది?

జోయెల్ చెప్పిండు.
మా క్యాంపుల నాలుగో రూమాయన, మనీలా దిక్కు.
శుక్రవారం పెండ్లిళ్లల్ల కెమెరా పడ్తడు,
కడమ రోజులు ఏసీ డక్టులు కడుగుతడు.
"ఎండను పక్కకు తెచ్చుకో.
పువ్వును నడిమిట్ల కూసోబెట్టకు,
అది ఎటు మొకాన చూస్తున్నదో
అటు కొంచెం జాగ ఇడువు."
ఆయన హిందీ నా హిందీకన్న పల్చన,
అయినా సమజైంది.
ఎనిమిది మందిమి పండే రూముల
జాగ ఇడువు అన్న మాట
ఆ రాత్రి నా పక్కపొంటి ఇరుక్కొని పండింది.

గాలితోని తిప్పలు.
లారీ పోతే మడి మడంత ఊగుతది.
దూరం సిగ్నల్ ఎర్రవడ్డప్పుడు
బండ్లు ఆగుతయి, పువ్వులు ఆగుతయి,
ముప్పై లెక్కవెట్టేంత సేపు.
ఆ ముప్పైల మోకాళ్ల మీద కూసోవాలె,
ఊపిరి బిగవట్టాలె,
తెర మీద వేలు ఆనియ్యాలె.
నా ఫోన్ అద్దం పగిలింది, మూల నుంచి నడిమి దాక.
ఆ పగులు ఫొటోల పడదని
నమ్మనీకి నాకు మూడు రోజులు వట్టింది.

మార్చిల ఒకనాడు
గచ్చుకు, డ్రిప్పు పైపుకు నడుమ
పల్లేరు.
పచ్చటి పువ్వు, అంగీ గుండీ అంత, ఐదు రెక్కలు.
గొర్ల వెంట తిరిగిన నా మడిమెకు
దీని ముల్లు ఎరుక.
పువ్వు పూస్తదని మాత్రం కొత్తగ తెలిసింది.
తిట్టుకుంట కాలు ఎత్తి చూసుకునుడే గని
కిందికి వంగి ఎవ్వలు చూసిండ్రు?
సార్ లెక్కల ఇది కలుపు.
పీకే లోపల ఒక్క ఫొటో అనుకున్న.

ఫోన్ దాన్ని పట్టదు.
తెర మీది పసుపు డబ్బ
ఇసుక మీద వాలుతది, గచ్చు మీద వాలుతది,
ఆఖరుకు ఆ మలుపుల వస్తున్న
మోఫిజుల్ తట్ట మీద వాలింది.
చిన్నదాన్ని చూపియ్యాలంటే
దాని ఎనుక దేన్నన్న నిలవెట్టాలె.
అరచెయ్యి అడ్డం పెట్టిన.

మొదటి ఫొటోల చెయ్యి వచ్చింది.
కత్తెర ఒరిపిడికి కట్టిన కాయలు,
గోర్ల సందుల ఆకు పసరు,
బొటనవేలు మొదట్ల ఒక గీత,
ఎప్పుడు తెగిందో నాకు యాదికి లేదు.
పువ్వేమో పసుపు కలిపిన నీళ్లు.

రెండోసారి కొంచెం ఎనుకకు జరిగిన.
సిగ్నల్ ఎర్రవడ్డది. పదిహేడు, పద్దెనిమిది.
పువ్వు నిలిచింది.
రెక్క మీద సన్నటి ఈనెలు,
దుమ్ములెక్క పుప్పొడి,
అంచు పట్టుకొని ఒక చీమ, అటో ఇటో తేలక.
ఎనుక నా చెయ్యి మసకమసక,
అప్పుడే దున్నిడిసిన చెల్కలెక్క.

మడి ఫొటో పంపబోయి
అదే పోయింది సార్‌కు.
రెండు నీలం గీతలు పడ్డయి.
టైపింగ్ అని వచ్చింది, పోయింది, మళ్ల వచ్చింది.
ఏదో తిట్టు కోసం మలయాళంల
వెతుక్కుంటున్నడు అనుకున్న.

"ఫోకస్ మంచిగుంది. ఇగ పీకేయ్."

పీకిన.
వేరు నేననుకున్నదానికన్న లోతుకుంది,
గుంజుతుంటె చెయ్యి నొచ్చింది.
ఒక ముళ్లకాయ బూటు అడుగుకు కుచ్చుకొని
బస్సెక్కింది, క్యాంపు గేటు దాటింది,
మెట్ల మీద అడుగడుగుకు
టక్కు, టక్కు అన్నది.

నేను తియ్యలే.